రాత్రి డ్యూటీలో విశ్రాంతికి వంతులు, రోగి దగ్గర మెలకువకు హామీ కోరుతూ నర్సుల వినతిపత్రం

ప్రభుత్వ బోధనాసుపత్రి సూపరింటెండెంట్ గారికి,
నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ద్వారా,
మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల వార్డులు, ఐసీయూలలో రాత్రి డ్యూటీలు చేస్తున్న నర్సులు సమర్పించుకుంటున్నది.

విషయం: రాత్రి డ్యూటీలో కొందరు నిద్రపోవడం వల్ల రోగులకూ తోటి నర్సులకూ కలుగుతున్న ఇబ్బంది, దాని నివారణకు మా కోరికలు.



మన ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుల్లో కొందరు వార్డు వదిలేసి పడుకుంటున్నారు. అర్ధరాత్రి ఇంజక్షన్లు అయ్యాయనిపించగానే డ్యూటీ రూమ్‌లో చాప పరిచి, లైటు ఆపేసి, ‘ఏమైనా ఉంటే లేపు’ అని చెప్పి, 4.30 దాకా లేవనివాళ్లున్నారు. ఆ నాలుగు గంటలూ ముగ్గురి పని ఒక్కరి మీద పడుతోంది. ఆ ఒక్కరు చాలా రాత్రులు వార్డులో అందరికన్నా చిన్నవాళ్లు, ఔట్‌సోర్సింగ్‌లో చేరినవాళ్లు, ఎదురు చెప్పలేనివాళ్లు.

ఇదే మాట టీవీ వాళ్లో రోగి బంధువులో అన్నప్పుడు మాకు మనసు కష్టపడుతుంది. మేలుకుని పనిచేసిన వాళ్లనూ కలిపి తిడతారు కాబట్టి. కానీ మాకు తెలిసిన నిజాన్ని మేమే దాచిపెడితే, రేపు ఒక ప్రాణం పోయాక ఏం చెప్పుకున్నా ఎవరూ వినరు. అందుకే ఎవరి పేరూ రాయకుండా, ఎవరి మీదా చర్య అడగకుండా, ఈ పద్ధతి మార్చమని కోరుతున్నాం. రోగి దగ్గర మెలకువగా ఉన్న నర్సు లేని నిమిషం రాత్రి మొత్తంలో ఒక్కటి కూడా ఉండకూడదు. అది జరగాలంటే ప్రతి నర్సుకూ కాగితం మీద రాసిన విశ్రాంతి వంతు ఉండాలి. ఈ రెండింటినీ విడదీసి చూడవద్దని మొదటే మనవి చేస్తున్నాం. మొదటిది మాత్రమే తీసుకుంటే నాలుగు మెమోలు, రెండు సస్పెన్షన్లతో కథ ముగుస్తుంది, నెల తిరిగేసరికి చాపలు మళ్లీ పరుచుకుంటాయి.

రాత్రి 8 గంటలకు వార్డు బాధ్యత (ఓవర్) తీసుకుని పొద్దున 8కి ఓవర్ ఇస్తాం. పగటి షిఫ్టులు ఆరేసి గంటలు, రాత్రిది ఒక్కటే 12 గంటలు. పగలు వార్డులో హెడ్‌నర్సు ఉంటారు, ప్రొఫెసర్లు రౌండ్స్‌కు వస్తారు, పీజీలు, హౌస్‌సర్జన్లు, నర్సింగ్ విద్యార్థినులు తిరుగుతూనే ఉంటారు. రోగికి తేడా చేస్తే ఎవరో ఒకరి కంట్లో పడుతుంది. రాత్రి ఒంటిగంట దాటాక పీజీ డాక్టరు క్యాజువాలిటీలో ఇరుక్కుపోతారు, రోగి సహాయకులు మంచాల కింద నడుం వాలుస్తారు. అప్పుడు ఆ వార్డులో చూసే కన్ను నర్సుదే.

ఆ కన్ను మూసుకుంటే ఏం తప్పిపోతుందో కొంచెం వివరంగా చెప్పుకోనివ్వండి. మనది రైతుల జిల్లా, పురుగుల మందు తాగినవాళ్లు వార్డులో ఎప్పుడూ ఉంటారు. ఆర్గానోఫాస్ఫరస్ విషానికి అట్రోపిన్ పెడతాం. అది పెట్టి వదిలేసే మందు కాదు. నాడి ఎంతుంది, కంటిపాప విచ్చుకుందా, చంకలు పొడిగా ఉన్నాయా, రొమ్ములో గురగుర తగ్గిందా అని మాటిమాటికీ చూసి డాక్టరుకు చెబుతుంటే దాన్నిబట్టి డోసు మారుతుంది. తక్కువైతే రోగి ఊపిరితిత్తుల్లో ఊరే నీటికే ఊపిరాడక పోతాడు. ఎక్కువైతే ఒళ్లు కాలిపోతూ, మతి తప్పి, ఐవీ లైను పీక్కుని మంచం దిగి పరుగెడతాడు. ఇది దాటినా గండం గడిచినట్టు కాదు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, తేరుకున్నాడనుకున్న మనిషికే మెడ కండరాలు సడలి, ఆ వెనకే ఊపిరి తీసే కండరాలు చేతులెత్తేయవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మంచం దగ్గరికి వెళ్లి, ‘దిండు మీంచి తల ఎత్తు నాయనా’ అని అడిగితే తెలుస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు ఆ మాట అడగాల్సింది నర్సే.

గైనిక్ వార్డులో ఫిట్స్ వచ్చిన గర్భిణికి, మన ఊళ్లలో గుర్రపువాతం అనే ఆ జబ్బుకు, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ 4 గంటలకోసారి ఇస్తాం. ప్రతి డోసుకు ముందూ మూడు చూడాలి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతోందా? శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా? గడిచిన 4 గంటల్లో మూత్రం 100 మిల్లీలీటర్లయినా వచ్చిందా? ఏ ఒక్కటి లేకపోయినా డోసు ఆపి, కాల్షియం గ్లూకోనేట్ చేతిలో పెట్టుకుని డాక్టరును పిలవాలి. చూడకుండా ఇస్తే బిడ్డను మోస్తున్న తల్లికి మందే విషమవుతుంది. నవజాత శిశువుల యూనిట్‌లో నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి 20 సెకన్లకు పైగా ఊపిరి తీసుకోరు. చాలాసార్లు అరికాలి మీద వేలితో మెల్లగా తడితే మళ్లీ అందుకుంటారు. అందుకు ఆ వేలు అక్కడ ఉండాలి.

2021 జనవరి 9 తెల్లవారకముందే మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి శిశువుల యూనిట్‌లో నిప్పంటుకుని 10 మంది పసికందులు చనిపోయారు. మంట యంత్రాల వల్ల పుట్టింది. కానీ పిల్లలున్న గదిలో ఆ సమయాన సిబ్బంది ఎందుకు లేరన్న ప్రశ్న వచ్చింది, నర్సుల మీద కూడా కేసు నమోదైంది. అక్కడ ఎవరి తప్పు ఎంతో చెప్పడానికి మేం ఎవరం? రాత్రి గదిలో మనిషి లేకపోతే పోయేది ఎవరి ప్రాణమో, నిలదీసేది ముందుగా ఎవరినో మాత్రం ఆ రాత్రి మా అందరికీ తెలిసింది.

నిద్రకన్నా మాకు ఎక్కువ భయం వేసేది ఇంకొకటి ఉంది. అది ముందే రాసిపెట్టే చార్టు. అర్ధరాత్రి 12కే తెల్లవారేదాకా నాడి, బీపీ, టెంపరేచర్, మూత్రం లెక్క అన్నీ నింపేసి పడుకోవడం కొన్ని వార్డుల్లో అలవాటైపోయింది. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు ఆ అంకెల్ని నమ్మి డోసు మారుస్తారు, ఐసీయూ నుంచి వార్డుకు పంపిస్తారు, ఇంటికీ పంపిస్తారు. రోగి రాత్రంతా ఎలా ఉన్నాడో ఎవరికీ తెలియదు, కాగితం మీద మాత్రం బాగున్నాడు. నిద్రపోయి చార్టు ఖాళీగా వదిలేసిన నర్సు వల్ల, ఇక్కడ ఎవరూ చూడలేదన్న సంగతైనా పొద్దున డాక్టరుకు తెలుస్తుంది. ముందే నింపిన చార్టు ఆ అవకాశం కూడా లేకుండా చేస్తుంది. ఇంకా బాధ కలిగించేది, ఆ చార్టుల కింద జూనియర్ల చేత సంతకాలు పెట్టించడం. రక్తం ఎక్కించేముందు బ్యాగు మీది గ్రూపూ నంబరూ ఇద్దరు కలిసి సరిచూసి సంతకం చేయాలి. రెండోవాళ్లు పడుకుని ఉంటే ఒక్కరే చూసి ఇద్దరి సంతకాలూ అయ్యాయనిపిస్తున్నారు. ఎక్కడో ఒక రాత్రి గ్రూపు మారితే ఏమవుతుందో మీకు మేం చెప్పనక్కర్లేదు.

మేలుకుని ఉన్న అమ్మాయి పరిస్థితి కూడా తమరు ఆలోచించాలి. లేపితే ‘ఇంత చిన్నదానికి లేపుతావా, నువ్వు చూసుకోలేవా’ అని కసురుతారు. లేపకుండా ఉండి పొద్దున ఏదైనా తేడా వస్తే ‘నన్నెందుకు లేపలేదు’ అని అందరి ముందూ నిలదీస్తారు. వెంటిలేటర్ మీద ఉన్న బరువైన మనిషిని పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. మగ నర్సింగ్ ఆర్డర్లీ (ఎంఎన్‌ఓ) స్టోర్ రూమ్‌లో, సీనియర్ అక్క డ్యూటీ రూమ్‌లో, ఇద్దరూ నిద్రలో ఉంటే రోగి వీపు కింద పుండు పడుతుంది. డ్యూటీ చార్టు వేసేటప్పుడు ఎవరి మాట చెల్లుతుందో, పండక్కి సెలవు ఎవరికి దొరుకుతుందో ఆ అమ్మాయికి తెలుసు. కాంట్రాక్టు రెన్యువల్ కాగితం మీద ఎవరి అభిప్రాయం అడుగుతారో కూడా తెలుసు. ఆమె నోరు విప్పదు. మాలో కొందరు ఏళ్లుగా విప్పలేదు.

పడుకునేవాళ్లందర్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని కూడా మేమే చెబుతున్నాం. ఇంటి నుంచి దిండు, దుప్పటి, దోమల కాయిల్ తెచ్చుకుని, సీనియారిటీని హక్కుగా చేసుకుని రోజూ పడుకునేవాళ్లు కొద్దిమందే. వాళ్ల విషయంలో మాకు ఏ సానుభూతీ లేదు. ఎక్కువమంది ఒళ్లు తట్టుకోలేక పడిపోయేవాళ్లు. పగలంతా పిల్లలు, అత్తమామలు, వంట. మొదటి నైట్‌కు వచ్చేరోజు పొద్దున 6 గంటలకు లేచిన తల్లి రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు మేలుకుని ఉంటుంది. ఇంకా 9 గంటల డ్యూటీ మిగిలే ఉంటుంది. మరికొందరు ఔట్‌సోర్సింగ్ జీతం నెలల తరబడి రాక, పగలు ప్రైవేటు నర్సింగ్ హోములో డ్యూటీ చేసి, రాత్రి ఇక్కడికి వస్తారు. వాళ్లు ఇక్కడ నిద్రపోవడం తప్పే. ఆ తప్పుకు వాళ్లను నెట్టింది ఆగిపోయిన జీతం.

నిద్ర ముంచుకురావడం మనిషి బద్ధకం వల్ల అని చాలామంది అనుకుంటారు. మన ఒంట్లోని గడియారం ప్రకారం తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య ఒంటి వేడి అన్నిటికన్నా తగ్గుతుంది, చురుకుదనమూ దానితోపాటే దిగిపోతుంది. ఎంత ఇష్టంగా పనిచేసేవాళ్లకైనా ఇది తప్పదు. 1997లో ‘నేచర్’ పత్రికలో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ ప్రచురించిన పరిశోధన ప్రకారం 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకు సమానం. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే బండి నడపనివ్వదు. అలాంటి స్థితిలో ఉన్న చేతులతో మేం ఇన్సులిన్ లెక్కకట్టి ఎక్కిస్తున్నాం, పొటాషియం కలుపుతున్నాం. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చి, 2019లో మళ్లీ పరిశీలించి అదే ఖాయం చేసింది. ఈ డ్యూటీకి మా ఆరోగ్యం నుంచి కూడా కోత పడుతోందని గమనించమని కోరుతున్నాం.

మిగతా పనుల్లో దీన్ని ఎప్పుడో గుర్తించారు. ఏ కార్మికుణ్నీ అరగంట విరామం ఇవ్వకుండా 5 గంటలకు మించి పనిచేయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్‌లోనే ఉండేది. రైలింజను నడిపేవారి కోసం విజయవాడ, కాజీపేట లాంటి జంక్షన్లలో రన్నింగ్ రూములున్నాయి. విమానాల పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2024 జనవరిలో నిబంధనలు సవరించింది. అమెరికాలో నాసా దూరప్రయాణపు పైలట్లకు గాలిలోనే 40 నిమిషాల కునుకు అవకాశం ఇచ్చి చూసినప్పుడు వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాత చురుకుదనం స్పష్టంగా పెరిగింది. జపాన్ ఆసుపత్రుల్లో రాత్రి షిఫ్టు 16 గంటలదాకా సాగే చోట్ల నర్సులు వంతులవారీగా కునుకు తీయడం వాడుకలో ఉంది. అక్కడ అది దొంగతనం కాదు, డ్యూటీలో భాగం. మాకు మాత్రం 12 గంటల్లో ఒక్క నిమిషం విశ్రాంతి కూడా రాతలో లేదు. రాతలో లేదు కాబట్టి అది పెద్దవాళ్లకు నాలుగు గంటలు, చిన్నవాళ్లకు సున్నా అయింది.

ఇక మా కోరికలు.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, విశ్రాంతి వంతుల పట్టిక. ఒంటిగంటకు అర్ధరాత్రి మందులు పూర్తవుతాయి. 4.30కి రక్తం శాంపిళ్లు, 6 గంటల ఇంజక్షన్ల తయారీ మొదలవుతాయి. ఈ మధ్యలో వార్డులో ఉన్న ప్రతి నర్సుకూ ఒక గంట చొప్పున వంతు రాసి, డ్యూటీ చార్టుతోపాటే గోడకు అంటించాలి. గంటలో అరగంటే నిద్రకు. గాఢ నిద్రలోంచి లేచిన వెంటనే బుర్ర మొద్దుబారి ఉంటుంది కాబట్టి లేచాక కనీసం పావుగంట ఏ ఇంజక్షనూ ముట్టకూడదు. మొహం కడుక్కుని, టీ తాగి, పక్క నర్సు దగ్గర నోటితో ఓవర్ తీసుకున్నాకే మంచాల దగ్గరికి వెళ్లాలి. వంతులో ఉన్న నర్సును లేపాల్సిన సందర్భాలేవో కూడా రాసిపెట్టాలి: గుండె ఆగడం, ఫిట్స్, రక్తస్రావం, రక్తం ఎక్కించే ముందు సరిచూడటం. అప్పుడు లేపినందుకు ఎవరూ ఎవర్నీ కసరకూడదు. వరుస రాత్రి రాత్రికీ మారాలి. రెగ్యులర్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ తేడా వంతుల్లో ఉండకూడదు. వంతు దాటి పడుకోవడం మాత్రం ఎవరైనా సరే తప్పుగానే చూడాలి.

ఐసీయూ, శిశువుల యూనిట్, గైనిక్ వార్డు, విషం కేసులుండే మెడిసిన్ వార్డుల్లో రిలీవర్ వచ్చి ఓవర్ తీసుకునేదాకా ఒక్క నర్సు కూడా వంతుకు వెళ్లకూడదు. ఇందుకోసం రాత్రికి ఇద్దరు రిలీవర్ నర్సులను ఏ వార్డుకూ కట్టేయకుండా విడిగా వేయాలి. నర్సింగ్ విద్యార్థినులను రిలీవర్లుగా లెక్కించవద్దు. వాళ్లు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు.

ఒక్క నర్సే ఉన్న వార్డులో ఈ పట్టికకు అర్థం లేదు, అందుకే సిబ్బంది గురించి కూడా అడగక తప్పదు. భారత నర్సింగ్ మండలి లెక్క ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డుల్లో 3 పడకలకు ఒక నర్సు, షిఫ్టుకు లెక్కిస్తే 9 పడకలకు ఒకరు ఉండాలి. ఐసీయూలో పడకకు ఒకరు. సెలవుల కోసం ఇంకో 30 శాతం. 36 పడకల వార్డుకు రాత్రి నలుగురన్నమాట. నేల మీద పరుపులేసిన రోగులను కలుపుకుంటే ఇంకా ఎక్కువ. ఇది రేపటికల్లా జరగదని మాకూ తెలుసు, నియామకాలు తమరి చేతిలో లేవు. అయితే ఏ వార్డులో రాత్రి ఎందరు రోగులకు ఎందరు నర్సులున్నారో నెలనెలా లెక్క తీసి డైరెక్టర్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్‌కు పంపడం తమరి చేతిలోనే ఉంది. ఈ లోపు ఒక్క నర్సుతో నడుస్తున్న పక్కపక్క వార్డులను రాత్రిపూట జత చేయండి.

విశ్రాంతి గది కావాలి. చాప పరుచుకునే డ్యూటీ రూమ్, లినెన్ గది, సెమినార్ హాలు దీనికి పనికిరావు. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటున్న యువ వైద్యురాలికి ఏం జరిగిందో దేశమంతా చూసింది. ఆ తర్వాత సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని వేసినప్పుడు దాని ముందు ఉంచిన అంశాల్లో వైద్యులు, నర్సులకు ఆడ, మగ వేరువేరు విశ్రాంతి గదులు కూడా ఉన్నాయి. ప్రతి అంతస్తులో లోపల గడియ ఉన్న గది, రెండు మంచాలు, పక్కనే మరుగుదొడ్డి, బయట వరండాలో వెలిగే లైటు, గది తలుపు కనిపించేలా వరండాలో కెమెరా. బ్రదర్లకు (మగ నర్సులకు) వేరే గది. మూతపడిన పాత పే రూములు కొన్నిటిని బాగుచేస్తే ఇది చాలావరకు తీరుతుంది.

చార్టుల విషయంలో మేం గట్టిగా అడుగుతున్నాం. ఐసీయూలో మానిటర్లు అంకెల్ని వాటంతటవే నిల్వ చేసుకుంటాయి. వారానికోసారి కొన్ని కేస్‌షీట్లు తీసి మానిటర్ అంకెలతో పోల్చి చూడండి. మానిటర్లు లేని వార్డుల్లో నైట్ సూపర్‌వైజర్ ఒక మంచం దగ్గర ఆగి, తానే నాడి పట్టి చూసి, చార్టులో తన గడిలో రాయాలి. గడియారం 2 చూపిస్తుంటే చార్టులో 4 గంటల గడి నిండి ఉంటే అది అబద్ధపు రికార్డు. నిద్రపోయిన నర్సుకు ఒక అవకాశం ఇవ్వండి, ముందే రాసిన నర్సుకు వద్దు. తోటివాళ్ల మీద ఇంత కఠినమైన మాట రాయడం మాకు తేలిక కాలేదు.

నైట్ సూపర్‌వైజర్ బయలుదేరుతుండగానే వార్డుల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చేస్తుంది, ఆమె వచ్చేసరికి అందరూ టేబుల్ దగ్గర ఉంటారు. రౌండ్ వేళలు మారాలి, 2 నుంచి 4 మధ్య ఒకటి తప్పనిసరిగా ఉండాలి. రౌండ్‌కు వచ్చినవారు ఎవరు పడుకున్నారని మాత్రమే కాదు, వంతు ఎవరికి అందలేదని కూడా అడిగి రాసుకోవాలి.

రోగి సహాయకులు తీసే సెల్‌ఫోన్ వీడియోల గురించి ఒక మాట. రోగికి మందు వేళకు అందకపోతే వాళ్ల కోపం న్యాయమే. కానీ నిద్రపోతున్న ఆడమనిషిని వీడియో తీసి చానెళ్లకు పంపడం వల్ల ఏ రోగికీ మేలు జరగలేదు. వార్డు తలుపు దగ్గర నైట్ సూపర్‌వైజర్ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి, ఫిర్యాదు పుస్తకం పెట్టండి. అరగంటలో మనిషి వస్తారని నమ్మకం కుదిరితే ఫోన్ కెమెరా తీయరు. వంతుల పట్టిక అక్కడే అంటించి ఉంటే, ‘ఆ సిస్టర్ వంతులో ఉంది, ఈ సిస్టర్ మీ మంచం చూస్తోంది’ అని వాళ్లకూ తెలుస్తుంది.

డ్యూటీ చార్టు వేసే తీరు కూడా మారాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల కోసం చేసిన 157వ సిఫార్సు రెండు షిఫ్టుల మధ్య కనీసం 12 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలంటుంది. పొద్దున నైట్ దిగిన నర్సును ఎవరో రాలేదని మధ్యాహ్నం షిఫ్టుకు ఆపడం మానుకోవాలి. నైట్ ఆఫ్‌ను మీటింగులకు, శిక్షణలకు వాడుకోవద్దు. గర్భిణులను, చంటిపిల్లల తల్లులను నైట్స్ నుంచి మినహాయించాలి. ఆ భారం ఎప్పుడూ పెళ్లికాని అమ్మాయిల మీదే పడకుండా చూడాలి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంది. మనకు లేదు. అది పగలు కూడా తెరిచి ఉంటే, నైట్ దిగిన తల్లి బిడ్డను అక్కడ వదిలి నాలుగు గంటలైనా నిద్రపోతుంది. రాత్రి వార్డులో ఆమె మెలకువగా ఉండటానికి అదే అసలైన మందు.

ఔట్‌సోర్సింగ్ నర్సుల జీతం నెల మొదటి వారంలో అందేలా ఏజెన్సీ మీద ఒత్తిడి తేవాలి. జీతం సరిగా అందుతున్నంతకాలం, నైట్స్ ఉన్న వారంలో బయట డ్యూటీ చేయబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వడానికి ఈ వినతిపత్రం మీద సంతకం చేసిన ఔట్‌సోర్సింగ్ నర్సులందరూ ఒప్పుకున్నారు.

ఈ వంతుల పద్ధతిని ఒకేసారి ఆసుపత్రి అంతటా పెట్టమని అడగడం లేదు. ఒక మెడిసిన్ వార్డులో, గైనిక్ వార్డులో మూడు నెలలు నడిపి చూడండి. ముందూ తర్వాతా ఎన్ని డోసులు తప్పాయో, ఎన్ని చార్టులు ఖాళీగా ఉన్నాయో, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో లెక్క మేమే తీసి ఇస్తాం. పట్టిక తయారు చేయడానికి రెగ్యులర్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ నర్సుల్లో ఒక్కొక్కరిని, ఒక నైట్ సూపర్‌వైజర్‌ను, ఒక పీజీ డాక్టరును కూర్చోబెట్టండి. వచ్చే నెల డ్యూటీ చార్టు వేయకముందే మాకు ఒక మధ్యాహ్నం సమయం ఇస్తే, పట్టిక నమూనా పట్టుకుని వస్తాం.

సంతకాల కాగితాన్ని సీలు వేసిన కవరులో నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి విడిగా ఇచ్చాం. అందులో ఇంకా సర్వీసు పక్కా కాని పిల్లల పేర్లున్నాయి. ఆ కవరు వార్డులకు వెళ్లకుండా, ఆ పేర్ల వల్ల ఎవరి రెన్యువలూ ఆగకుండా చూసే బాధ్యత తమరు తీసుకోవాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
రాత్రి డ్యూటీ నర్సులు

ప్రతి: డైరెక్టర్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్ గారికి, జిల్లా కలెక్టర్ గారికి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి